మింబరు నుంచి చివరి వరుస దాకా: మసీదులో స్వరప్రసార చరిత్ర

జుమా నాడు కాస్త ఆలస్యంగా వచ్చి చివరి వరుసల్లో కూర్చునే వారికి ఒక అనుభవం పరిచితమే. ఖతీబు గారి గొంతు చెవుల్లో హోరుమని పడుతూనే ఉంటుంది. ఆయన ఏమంటున్నారో మాత్రం బోధపడదు. స్తంభానికొకటి చొప్పున లౌడ్ స్పీకర్లు అమర్చి ఉంటాయి. శబ్దానికి లోటు లేదు, మాటకే కరువు. మసీదు కమిటీ వారికి చెప్పుకుంటే వచ్చే జుమా నాటికి మరో రెండు స్పీకర్లు వచ్చి చేరతాయి. దానితో హోరు ఇంకా పెరుగుతుంది.

ఇది మైకుసెట్టు అమర్చిన వాని చిన్న పొరపాటుగా కనిపించవచ్చు. కాని ఇమాము స్వరాన్ని చివరి వరుసకు చేర్చడమనే ప్రశ్న ఇస్లామీయ చరిత్రలో మొదటి నుంచీ ఉన్నదే. స్వరాన్ని అందించేవాడు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పలకాలి అనే విషయాన్ని మన పూర్వులు శ్రద్ధగా ఆలోచించారు. యంత్రం వచ్చిన తరువాత మనం ఆ రెండు ప్రశ్నలనూ మరచిపోయాం. ఈ వ్యాసంలో ఆ చరిత్రను క్లుప్తంగా పరిశీలిద్దాం.

ప్రవక్త (స) కాలంలో

మదీనాలోని ప్రవక్త మసీదు మొదట ఖర్జూరపు మానుల స్తంభాలతో, ఖర్జూరపు మట్టల పైకప్పుతో కట్టిన సాదా కట్టడం. దైవప్రవక్త (స) తొలి రోజుల్లో ఒక ఖర్జూరపు మొద్దును ఆనుకొని నిలబడి ప్రసంగించేవారు. జనం పెరిగిన తరువాత కర్రతో మూడు మెట్ల మింబరు చేయించారు. మాట్లాడే వ్యక్తి కాస్త ఎత్తున ఉంటే ముందు వరుసవారి తలలు అడ్డురాకుండా ఆయన స్వరం వెనుకకు సాగుతుంది. వినేవారికి ఆయన ముఖమూ కనిపిస్తుంది. అజాను విషయంలోనూ ఇదే పద్ధతి. హజ్రత్ బిలాల్ (రజి) మసీదు సమీపాన ఉన్న ఇళ్ళలో అన్నిటికన్నా ఎత్తైన ఇంటి కప్పు మీదికెక్కి అజాను పలికేవారని హదీసు గ్రంథాల వల్ల తెలుస్తున్నది. తరువాత క్రీ.శ. 673లో అమీర్ ముఆవియా (రజి) కాలంలో ఈజిప్టులోని ఫుస్తాత్ నగరంలో, అమ్ర్ మసీదు నాలుగు మూలలా అజాను కోసం బురుజులు కట్టారు.

ఎత్తు ఒక్కటే చాలని సందర్భాలు కూడా వచ్చాయి. హిజ్రీ 10వ సంవత్సరంలో వీడ్కోలు హజ్ సందర్భంగా అరఫాత్ మైదానంలో అపారమైన జనసమూహం చేరింది. ఆరుబయట, గోడలు లేని చోట, ఒక మనిషి గొంతు అందరికీ చేరడం అసాధ్యం. అందుచేత ప్రవక్త (స) పలికిన మాటలను రబీఆ బిన్ ఉమయ్యా బిగ్గరగా తిరిగి ప్రకటించినట్లు సీరా గ్రంథాలు చెబుతున్నాయి. మినాలో ఇదే పని హజ్రత్ అలీ (రజి) చేసినట్లు అబూదావూద్ హదీసు సంపుటంలో ఉంది. ప్రవక్త (స) చివరి అస్వస్థతలో కూర్చుండి నమాజు చేయించినప్పుడు ఆయన గొంతు నీరసించి ఉంది. అప్పుడు హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆయన పక్కన నిలబడి తక్బీరును జనానికి వినిపించారు. బుఖారీ గ్రంథంలోని ఈ ఉదంతమే తరువాతి కాలంలో ముబల్లిగ్ వ్యవస్థకు పునాది అయింది.

ముబల్లిగ్, అతని అరుగు

ముబల్లిగ్ అంటే చేరవేసేవాడు. ముకబ్బిర్ అని కూడా అంటారు. ఇమాము తక్బీరు పలికితే దానిని విని, వెనుకనున్న వారికి వినిపించడం అతని విధి. మసీదులు విశాలమయ్యే కొద్దీ ఇతని కోసం ప్రత్యేకంగా ఒక ఎత్తైన అరుగును నిర్మించసాగారు. అరబ్బులు దీనిని దిక్కా అనేవారు. తుర్కీలో ముఅజ్జిన్ మహఫిలి అని పేరు. కైరోలో 1356-63 మధ్య నిర్మించిన సుల్తాన్ హసన్ మసీదులో పాలరాతి స్తంభాల మీద నిలిచిన దిక్కాను నేటికీ చూడవచ్చు. ఎదిర్నే నగరంలో ఉస్మానియా శిల్పి సినాన్ 1568-75 మధ్య కట్టిన సలీమియా మసీదులో ఈ అరుగు సరిగ్గా మహాగుమ్మటం నడిమధ్యన, పన్నెండు చిన్న స్తంభాల మీద ఉంది. అక్కడి నుంచి పలికిన స్వరానికి నాలుగు వైపుల వరుసలూ ఇంచుమించు సమదూరంలో ఉంటాయి.

ఫుఖహాలు ఈ వ్యవస్థకు హద్దులు కూడా ఏర్పరచారు. ఇమాము గొంతు అందరికీ వినబడుతున్నప్పుడు ముబల్లిగ్ అక్కరలేదన్నారు. డమాస్కసుకు చెందిన హనఫీ పండితుడు ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) ఈ ఒక్క అంశం మీదనే ఒక ప్రత్యేక గ్రంథం రాశారు. అవసరం మేరకే స్వరాన్ని పెంచాలి, అవసరం లేని చోట పెంచరాదు అనే ఈ సూత్రాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. లౌడ్ స్పీకర్ల కాలంలో దీని అవసరం మరింత ఎక్కువ.

ధ్వని స్వభావం గురించి కూడా ముస్లిం శాస్త్రవేత్తలు ఆలోచించారు. ఒక వస్తువు మరొక దానిని తాకినప్పుడు గాని, రెండు భాగాలు విడివడినప్పుడు గాని గాలిలో పుట్టే అలలే ధ్వనికి కారణమని ఇబ్నె సీనా (మరణం 1037) వివరించారు. ధ్వని కంటె వెలుతురు ఎంతో వేగంగా ప్రయాణిస్తుందని అల్ బిరూనీ గుర్తించారు. అంటే ధ్వనికి దూరం దాటడానికి కాలం పడుతుందని వెయ్యేళ్ళ కిందటి మన విద్వాంసులకు తెలుసు. మన కథకు కీలకం ఈ కాలమే.

గుమ్మటాలు, కుండలు, దక్కను

గుమ్మటం కంటికి ఎంత ఇంపో చెవికి అంత కష్టం. రాతి గోడలు, సున్నపు పూత ధ్వనిని పీల్చుకోవు, తిరిగి విసిరివేస్తాయి. పలికిన అక్షరం గింగురుమంటూ గాలిలో నిలిచిపోతుంది. ఆలోగా తరువాతి అక్షరం వచ్చి దానిమీద పడుతుంది. ఇస్తాంబులులో 1550-57 మధ్య సులైమానియా మసీదు కట్టినప్పుడు సినాన్ గుమ్మటం లోపలి తలంలో మట్టి కుండలను, వాటి మూతులు లోపలికి తెరచుకునేలా, పొదిగించాడు. గింగురును తగ్గించడమే వాటి ఉద్దేశమని భావిస్తున్నారు. అంత పెద్ద కట్టడంలో కుండలు చేయగలిగింది స్వల్పమే కావచ్చు. అయినా నిర్మాత ఆలోచన వినేవాని చెవి దాకా వెళ్ళిందనడానికి అవి నిదర్శనం.

మన దక్కను ప్రాంతానికి వస్తే, హైదరాబాదులోని మక్కా మసీదుకు 1617లో సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా శంకుస్థాపన చేయగా, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. లోపలి నమాజు శాల సుమారు 67 మీటర్ల వెడల్పు, 54 మీటర్ల పొడవు, 23 మీటర్ల ఎత్తు గల నల్లరాతి కట్టడం. ఇక ముందున్న విశాలమైన ఆవరణ సరేసరి. శుక్రవారం నాడు, ఈదుల నాడు అక్కడ వేలాది మంది బారులు తీరుతారు. ఇంత దూరం ఏ ఇమాము గొంతూ తనంతట తానుగా చేరలేదు.

కుతుబ్ షాహీల ధ్వనిజ్ఞానానికి గోల్కొండ కోటను ఉదాహరణగా చూపడం మనకు అలవాటు. బాలాహిసారు ద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు చరిస్తే కొండ శిఖరాన వినిపిస్తుంది. నిజమే, అది గొప్ప ఏర్పాటు. అయితే చప్పట్లు ఒక సంకేతం మాత్రమే. వినబడితే చాలు, దానిని అర్థం చేసుకోవలసిన పని లేదు. ఖుత్బా అలాంటిది కాదు. అందులోని ప్రతి మాటా విడివిడిగా చెవికి అందాలి. ఖిరాఅత్ విషయంలో ఈ అవసరం ఇంకా సున్నితమైనది. సీన్‌కు, సాద్‌కు మధ్య, హే‌కు, పెద్ద హే‌కు మధ్య ఉన్న తేడా క్షణకాలం మెరిసి మాయమయ్యే సన్నని ధ్వనుల్లో ఉంటుంది. గింగురు మొదట మింగివేసేది ఈ సన్నని ధ్వనులనే.

యంత్రం రాక

లౌడ్ స్పీకరు అమెరికాలో పుట్టింది. 1915 డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ప్రిధామ్, జెన్సెన్ అనే ఇద్దరు ఇంజనీర్లు తమ యంత్రంతో వేలాది జనానికి ప్రసంగాలను, సంగీతాన్ని వినిపించారు. నేటి స్పీకర్లకు మూలమైన నిర్మాణాన్ని 1925లో రైస్, కెల్లాగ్ అనే వారు ప్రకటించారు. తరువాత పదకొండేళ్ళకల్లా ఈ పరికరం మసీదులకు చేరింది. సింగపూరులోని సుల్తాన్ మసీదులో 1936లో లౌడ్ స్పీకర్లు అమర్చిన వార్త అక్కడి పత్రికల్లో వచ్చింది. ముఅజ్జిన్ స్వరం ఒక మైలుకు పైగా వినిపిస్తుందని అప్పట్లో ఆశించారు.

భారత ఉపఖండంలో ఉలమాల మధ్య పెద్ద చర్చ చెలరేగింది. అజానుకు, ఉపన్యాసానికి దీనిని వాడటం గురించి అంత పట్టింపు లేదు. నమాజులోనే చిక్కు వచ్చింది. యంత్రం నుంచి వచ్చేది ఇమాము స్వరమేనా, లేక ఆ స్వరానికి ప్రతిధ్వనా? సజ్దా ఆయతును ప్రతిధ్వనిలో విన్నవానికి సజ్దా విధి కాదని హనఫీ ఫిఖహు చెబుతుంది. యంత్రధ్వని కూడా ప్రతిధ్వని వంటిదే అయితే, దానిని విని రుకూ, సజ్దాలు చేసేవాని నమాజు ఏమవుతుంది? దేవబంద్‌లో ముఫ్తీగా పనిచేసి తరువాత పాకిస్తాన్‌లో స్థిరపడిన మౌలానా ముఫ్తీ ముహమ్మద్ షఫీ (1897-1976) మొదట దీనికి వ్యతిరేకంగా అభిప్రాయం చెప్పారు. ఆ పిమ్మట విజ్ఞానశాస్త్రం తెలిసినవారిని విచారించి, దీనివల్ల నమాజు భంగం కాదనే నిర్ణయానికి వచ్చారు. కొత్త పరికరాల గురించి ఆయన రాసిన 'ఆలాతె జదీదా' గ్రంథంలో ఈ చర్చ ఉంది. తెలియని విషయాన్ని తెలిసినవారిని అడిగి, తన పూర్వాభిప్రాయాన్ని బాహాటంగా సవరించుకున్న ఆ నిజాయితీ గమనార్హం.

ఉలమాలు వేసిన ప్రశ్న నిజానికి చాలా లోతైనది. యంత్రం సక్రమంగా అమర్చిన చోట మనం వినేది ఇమాము మాటే. అడ్డదిడ్డంగా అమర్చిన చోట మాత్రం మనకు దక్కేది ప్రతిధ్వనుల గుంపే. శాస్త్రరీత్యా తేలిన ఈ భేదాన్ని మసీదు కట్టడాల్లో ఆచరణలో పెట్టే పని మిగిలిపోయింది.

రెండుసార్లు చేరే మాట

ఇప్పుడు అసలు చిక్కును చూద్దాం. మామూలు ఉష్ణోగ్రతలో ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే ఒక మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. తీగలో పారే విద్యుత్తుకు ఈ ఆలస్యం లేదు. ఎంత పొడవైన తీగనైనా అది లిప్తపాటులో దాటుతుంది. మిహ్రాబు దగ్గర ఒక స్పీకరు, అక్కడికి 30 మీటర్ల వెనుక మరొక స్పీకరు ఉన్నాయనుకుందాం. ఇమాము పెదవి కదిపిన క్షణంలోనే రెండూ పలుకుతాయి. వెనుక స్పీకరు కింద కూర్చున్నవానికి మొదట ఆ స్పీకరు మాట చేరుతుంది. ముందు స్పీకరు నుంచి బయలుదేరిన అదే మాట సుమారు 87 మిల్లీసెకన్ల తరువాత వచ్చి పడుతుంది. మనిషి సాధారణంగా సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాడు. ఒక అక్షరం సగంలో ఉండగానే దాని నీడ వచ్చి మీద పడుతుందన్నమాట. మక్కా మసీదు శాల పొడవంత దూరానికి ఈ తేడా 157 మిల్లీసెకన్లు. ఇలాంటి చోట స్పీకర్లు పెరిగిన కొద్దీ నీడలు పెరుగుతాయి. చివరి వరుసవాని కష్టానికి కారణం ఇదే.

ఇందుకు పరిష్కారం జర్మనీలో జరిగిన ఒక పరిశోధనతో మొదలైంది. హెల్మట్ హాస్ అనే పరిశోధకుడు 1949లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ఒక వింతను వివరించాడు. ఒకే మాట రెండు చోట్ల నుంచి వచ్చినప్పుడు, రెండవది 30 మిల్లీసెకన్ల లోపల చేరితే చెవి ఆ రెంటినీ కలిపి ఒకే మాటగా స్వీకరిస్తుంది. పైగా మాట ఏ దిక్కు నుంచి ముందు వచ్చిందో ఆ దిక్కు నుంచే వచ్చినట్లు తోస్తుంది. తరువాత వచ్చినది కొంత బిగ్గరగా ఉన్నా ఈ భావన చెదరదు. ఆలస్యం 50 మిల్లీసెకన్లు మించితే మాత్రం మాట చెడిపోవడం మొదలవుతుంది.

లండనులోని సెయింట్ పాల్ చర్చి కూడా మహాగుమ్మటం గల కట్టడమే. అక్కడ ప్రసంగం ఎవరికీ అర్థం కాదన్న ఫిర్యాదు చాలాకాలంగా ఉండేది. 1950 దశకం ఆరంభంలో పార్కిన్ అనే శాస్త్రవేత్త అక్కడ రెండు మార్పులు చేశాడు. మొదటిది స్పీకర్ల ఆకృతి. చిన్న స్పీకర్లను ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి పొడవైన స్తంభంలా అమర్చాడు. అలా పేర్చినప్పుడు ధ్వని అడ్డంగా విస్తరిస్తుంది గాని పైకీ కిందికీ అంతగా చెదరదు. కాబట్టి మాట జనం వైపు సాగుతుంది, గుమ్మటంలోకి ఎగబాకదు. రెండవది కాలం. తిరిగే చక్రం అంచున అయస్కాంత పూత వేసి, దాని మీద స్వరాన్ని నమోదు చేసి, కాస్త దూరంలో దానిని మళ్ళీ చదివించి, వెనుక స్పీకర్లకు ఆలస్యంగా అందించాడు. ముందు నుంచి గాలిలో నడిచి వచ్చే మాట చేరేదాకా వెనుక స్పీకరు ఆగుతుంది. 1970 దశకంలో ఈ పని చేసే డిజిటల్ పరికరాలు వచ్చాయి. నేడు ఒక చిన్న పెట్టెలో ఈ సదుపాయం దొరుకుతున్నది.

ఇక్కడ ముబల్లిగును ఒక్కసారి తలచుకోవాలి. అతడు ముందు విని, ఆ తరువాత పలికేవాడు. అతని విరామం మిల్లీసెకన్ల కంటె ఎంతో పెద్దది. అతడు ఖిరాఅత్‌ను గాక తక్బీరును మాత్రమే అందించేవాడు. అయినా అతని పద్ధతిలో ఒక వరుసక్రమం ఉంది. ముందు ఇమాము, తరువాత చేరవేసేవాడు. మన స్తంభాల మీది స్పీకరు ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. ఇమాము స్వరం ఇంకా గాలిలో నడుస్తుండగానే అది పలికేస్తుంది. దానికి ఆగడం నేర్పడమంటే ముబల్లిగ్ అదబును నేర్పడమే. మక్కాలోని మస్జిదె హరాంలో ఇంత శక్తిమంతమైన ధ్వని ఏర్పాట్లు ఉన్నా, ఇమాము తక్బీరును ముఅజ్జిన్ ప్రత్యేక వేదిక నుంచి తిరిగి పలికే సంప్రదాయం కొనసాగుతూనే ఉంది.

గోడ బయట

స్పీకరును ఎటు తిప్పాలన్నది గోడ బయటి ప్రశ్న కూడా. 1936లో స్వరాన్ని మైలు దూరం పంపాలని ముచ్చటపడిన సింగపూరులోనే, శబ్దకాలుష్యంపై ప్రచారం సాగిన 1974 ప్రాంతంలో, మసీదుల స్పీకర్లను బయటి దిక్కు నుంచి లోపలి దిక్కుకు తిప్పారు. ఇరుగుపొరుగులకు అజాను అందడానికి రేడియోను ఆశ్రయించారు. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు, 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా బహిరంగంగా లౌడ్ స్పీకర్ల వాడకాన్ని కట్టడి చేశాయి. అజాను ఇస్లాంలో అంతర్భాగమే గాని లౌడ్ స్పీకరు కాదని 2020లో అలహాబాదు హైకోర్టు పేర్కొన్నది. 2021లో సౌదీ అరేబియా ఇస్లామీ వ్యవహారాల మంత్రిత్వశాఖ బయటి స్పీకర్లను అజాను, ఇఖామతులకే పరిమితం చేస్తూ, ధ్వనిని మూడవ వంతుకు మించనీయరాదని ఉత్తర్వు జారీ చేసింది.

ఇవన్నీ బయటి నుంచి వచ్చిన ఒత్తిళ్ళని కొందరు బాధపడవచ్చు. కాని అవసరం లేని చోట స్వరం పెంచరాదన్న మాట మన ఫుఖహాలు ముబల్లిగ్ విషయంలో ఏనాడో చెప్పినదే. ఎవరికోసం ఖుత్బా చదువుతున్నారో ఆ చివరి వరుసవానికి అర్థం కాకుండా, వీధి అవతలి రోగి నిద్ర చెడగొట్టే స్పీకరు రెండు విధాలా తప్పు చేసినట్లే.

ఉపసంహారం

ఈ చరిత్ర నుంచి మసీదు కమిటీలు గ్రహించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. స్పీకర్ల సంఖ్య కంటె వాటి స్థానం ముఖ్యం. స్పీకరు ముఖం జనం వైపు, చెవుల వైపు ఉండాలి. ఎదుటి రాతిగోడ వైపు, గుమ్మటం వైపు ఉండరాదు. మైకు ఎప్పుడూ స్పీకర్ల ముఖానికి వెనుకనే ఉంటే కీచుమనే బాధ తగ్గుతుంది. రెండు స్పీకర్లకు తీగలను ఒకే తీరున కలపాలి. ఒకదానికి తారుమారైతే అవి ఒకదాని ధ్వనిని మరొకటి తగ్గిస్తాయి. శాల పొడవు ఎక్కువైతే మిహ్రాబు నుంచి వెనుక స్పీకరు దాకా టేపుతో కొలిచి, మీటరుకు 3 మిల్లీసెకన్ల చొప్పున లెక్కించి, దానికి మరో 10 కలిపి ఆ మేరకు ఆలస్యం పెట్టించాలి. అప్పుడు వెనుక కూర్చున్నవానికి కూడా మాట ఇమాము దిక్కు నుంచి, ఖిబ్లా వైపు నుంచి వస్తున్నట్లే తోస్తుంది. తివాచీలు, నిండిన వరుసలు గింగురును పీల్చుకుంటాయి గనుక, ఖాళీ మసీదులో కుదిర్చిన ధ్వనిని జుమా నాడు మరొకసారి సరిచూసుకోవాలి. స్త్రీల గది గోడ అవతల ఉంటే అక్కడికి ఒకరు వెళ్ళి కూర్చుని వినాలి.

అన్నిటికన్నా సులువైన పరీక్ష మరొకటి ఉంది. నమాజు ముగిసిన తరువాత చివరి వరుసలోని ఒక వృద్ధుణ్ణి, ఈవేళ ఖుత్బాలో ఏం చెప్పారని అడగండి. ఆయన చెప్పగలిగితే స్పీకర్లు సరైన చోటనే ఉన్నట్లు. అరఫాత్ మైదానంలో ప్రవక్త (స) మాటలను తిరిగి పలికినవాని బాధ్యత కూడా అదే. ఇక్కడ ఉన్నవారు లేనివారికి అందించండని ఆనాడు ఆదేశం వచ్చింది. మసీదులోనే ఉన్నవానికి మాట అందకపోతే, లేనివారికి అందించేవాడెవరు?